రెండు బాక్సులకే పర్మిషన్

ఎస్సై కాగితం మీద రాసిచ్చాడు. ఏప్రిల్ పద్నాలుగు, అంబేద్కర్ జయంతి ఊరేగింపుకి రెండు స్పీకరు బాక్సులు. ఊరి సెంటర్లో ఆగేది పది నిమిషాలు. మూడో బాక్సు కనపడితే బండి స్టేషన్‌కి పోతుంది.

జనవరిలో ఊళ్ళోవాళ్ళ దేవుడి ఊరేగింపుకి ఇరవై నాలుగు బాక్సులు పెట్టారు. నేను కాలవ గట్టు మీద నిలబడి లెక్కపెట్టాను. ఆ అదురుకి మా ఇంటి తలుపు గొళ్ళెం ఊడి కిందపడింది. అప్పుడు ఏ కాగితమూ లేదు.

"రెండు బాక్సులతో ఏం చేస్తావక్కా? పిచ్చుక పెళ్ళికి కూడా చాలవు," అన్నాడు వాసిం. అతనిది దర్శి. డీజే బండి అతనిదే, బాక్సులు అతనివే. పాటల మిక్సింగ్ నాది. నా పేరు ఆరాధన.

మిక్సింగ్ అంటే తెలియనివాళ్ళకి చెబుతా. డీజే పాటలో కిక్ ఉంటుంది. అంటే గుండె మీద పడే దెబ్బ. దాని కింద బేస్. పైన చప్పట్లు, కీబోర్డు, గొంతు. లాప్‌టాప్‌లో ఒక్కోటి ఒక్కో వరసలో ఉంటుంది. ఏది ఎంత పెంచాలి, ఏది ఎక్కడ నోరు మూసుకోవాలి, అది చూసేదే మిక్సింగ్. నాకు ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో ఏట నుంచి చర్చిలో కీబోర్డు వాయిస్తా. బ్రాడీపేటలో బ్యాంకు కోచింగ్‌కని ఏడాది ఉన్నా. ఉద్యోగం రాలేదు. వచ్చేటప్పుడు అక్కడి పాత సామాన్ల కొట్లో రెండు స్పీకర్లు కొనుక్కుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చా. మిగతాది యూట్యూబు.

ఈ శీతాకాలం నాకు పేరొచ్చింది. నేను చేసిన పాట వాసిం బండి మీద వేస్తే కురిచేడు రోడ్డులో పెళ్ళికొడుకు గుర్రం బెదిరింది. చీరాల నుంచి ఒకడు ఫోన్ చేశాడు. "ఆరాధన మిక్స్ అంటే మీరేనాండీ? మగాడనుకున్నా." ఆ పేరులో మగాడు ఎక్కడ కనపడ్డాడ్రా నీకు అన్నా. పెట్టేశాడు. మళ్ళీ చేసి పాట అడిగాడు.

అంత గొప్పదాన్ని కదా, రెండు బాక్సులు నాకో లెక్కా అనుకున్నా. అక్కడే బోల్తాపడ్డా. ఆ సంగతి చెప్పేముందు పాట దేనికో చెప్పాలి.

ఊరు వేరు, పల్లె వేరు. మధ్యలో కాలవ. పల్లెలో మావి నూట పది గడపలు. చర్చి ఉంది. బడి ఉంది. శ్మశానం ఉంది. శ్మశానానికి దారి లేదు. ఉండేది. డొంక, ఎడ్లబండ్లు పోయే పాత మట్టిబాట, గవర్నమెంటుది. దాని పక్క పొలం ఊరి బాపయ్యది. ఏడాదికి రెండు చాళ్ళు చొప్పున డొంకలోకి దున్నుకుంటూ వచ్చాడు. ఏడేళ్ళలో డొంక మొత్తం మిరపతోట అయింది. చుట్టూ కంచె.

పోయిన వానాకాలం మా నాయనమ్మ సువార్తమ్మ చనిపోయింది. పెట్టె ఎత్తుకుని పొలాల చుట్టూ తిరిగి పోయాం. నల్లరేగడి, మోకాలు లోతు. మోసేవాళ్ళలో ఇద్దరు జారారు. పెట్టె బురదలో పడింది. మూత ఊడలేదు, అంతే. పాస్టరు గారు వాక్యం చదువుతున్నంతసేపూ మా అమ్మ ఎలీసమ్మ కొంగుతో పెట్టె తుడుస్తూనే ఉంది.

ఆ తర్వాత గ్రామసభలో అమ్మ మైకు పట్టుకుంది. "మా శ్మశానానికి దారి" అన్నదాకా వినపడింది. మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చి అమ్మ నన్ను అడిగింది. "ఏమే, నువ్వు చేసే పాటలో మనిషి మాట పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"పాట ఆడుతుంటే ఆ మాట ఒక్కదాన్నీ ఎవడన్నా లాగెయ్యగలడా?"

"లాగలేరు. ఆపితే పాట మొత్తం ఆపాలి."

"అయితే నా మాట పెట్టు. వందమంది కుర్రాళ్ళు ఎగురుతుంటే ఎవడాపుతాడో చూస్తా."

పని అదీ. సెంటర్లో పది నిమిషాలు. ఏ ఇంట్లో ఏ మూల కూర్చున్నవాడికైనా అమ్మ మాట ప్రతి అక్షరం వినపడాలి. కుర్రాళ్ళు ఎగరకపోతే పాట నిలవదు. మాట వినపడకపోతే పాట దేనికి?

ఫిబ్రవరిలో అమ్మ గొంతు రికార్డు చేశా. మా ముందుగదిలోనే. ఆ గదిలో అప్పుడు పత్తి ఉండేది. మా నాన్న, మార్కు ఆయన పేరు, కౌలుకి చేసిన పత్తి. రేటు బాగాలేదని అమ్మకుండా డిసెంబరు నుంచి ఇంట్లోనే పోశాడు. మూడు గోడలకీ పైకప్పు అందేదాకా పత్తి. మధ్యలో గుంట చేసుకుని నా బల్ల, లాప్‌టాప్, రెండు స్పీకర్లు. దూది ముక్కులోకి పోయేది. పురుగు కుట్టేది. తుమ్ముతూ, గోక్కుంటూ చేశా పాటలన్నీ.

"గట్టిగా అరవబాకమ్మా. ఇటు తిరిగి, ఈ దిండు వైపు మాట్లాడు," అన్నా.

"నేను దారడిగేది ఊరినా, దిండునా?"

"మైకు దిండు ముందుంది."

"మళ్ళీ మైకేనా? దీనికి కరెంటు పోదుగా?"

నవ్వుకుంటూనే చెప్పింది. ఒక్కసారే చెప్పింది. "డొంక దున్నారు, దారియ్యండి." పొలంలో పక్క చాలు మనిషిని పిలిచే గొంతు. ఆ మాట మీదే నూట ఇరవై ఎనిమిది స్పీడులో పాట కట్టా. స్పీడంటే నిమిషానికి పడే దెబ్బలు.

మార్చి ఆఖర్లో పత్తి అమ్మేశాం. గది ఊడ్చి, కడిగి, హాయిగా కూర్చుని మిక్సింగ్ మొదలుపెట్టా. తుమ్ముల్లేవు. వారం రోజులు చేశా. కిక్ కొడితే కిటికీ మోగింది. బేస్ గుమ్మని గదంతా ఊదింది. ఎక్కువైందనుకుని తగ్గించా. ఇంకా గుమ్మంటుంటే ఇంకా తగ్గించా. చివరికి పాట ఇస్త్రీ చొక్కాలాగా తయారైంది.

ఏప్రిల్ ఆరున వాసిం బండి మీద రెండు బాక్సులు కట్టి చర్చి వెనక ఖాళీ స్థలంలో పెట్టాడు. పల్లె కుర్రాళ్ళందరూ వచ్చారు. పాట వేశాడు.

ఎవడూ కదల్లేదు. వాసిం కేబుళ్ళు పీకి మళ్ళీ గుచ్చాడు. అదే.

"అక్కా, దోమ కుడుతుంది," అన్నాడు ఒకడు చెయ్యి చరుచుకుంటా. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వారు.

అమ్మ బండి దగ్గర నుంచి రోడ్డు దాకా నడిచి, వెనక్కొచ్చింది. "డొంక అన్నది వినపడింది. ఆ తర్వాత చప్పట్లే. మళ్ళీ నాకు కరెంటు తీసేసినట్టే ఉందే."

ఆ మాట నన్ను కోసింది.

రాత్రికి రాత్రి నేను చేసింది, నేర్పేవాడు లేనివాళ్ళందరూ చేసే తప్పే. అన్నీ పెంచా. కిక్ మీద ఇంకో కిక్ వేశా. చప్పట్లు రెట్టింపు. అమ్మ గొంతు పెంచితే కీబోర్డు మింగింది, కీబోర్డు పెంచితే బేస్ మింగింది. పొద్దున మళ్ళీ బండి మీద వేస్తే రెండు బాక్సులూ ఏడ్చాయి. ఒకదాన్నుంచి కాలిన వాసన.

వాసిం పరిగెత్తుకెళ్ళి తీసేశాడు. "అక్కా, దండం పెడతా ఆగు. ఇది పోతే నీకు రెండు బాక్సులు కూడా ఉండవు. ఒకటే."

"శీతాకాలం పాటలు ఎట్లా పేలాయి మరి? అదే చెయ్యి, అవే స్పీకర్లు, అదే గది."

"ఏమో. దిష్టి తగిలిందేమో. నిమ్మకాయ కట్టు."

ఏడు రోజులుంది. నిమ్మకాయ కట్టలేదు. కూర్చుని ఏడ్చాను. అమ్మ వచ్చి మంచి నీళ్ళిచ్చి, ఏడుపు సంగతి ఎత్తకుండా ఇంకో పని చెప్పింది.

"నేను ఆలోచించా. అందులో ఎవర్ని అడుగుతున్నానో లేదుగా. దున్నారు అంటే ఎవడు దున్నాడు? గాలి దున్నిందా? పేరు పెట్టు."

మళ్ళీ రికార్డింగ్. అమ్మ గొంతు సవరించుకుంది. "డొంక దున్నావు బాపయ్య గారూ, దారియ్యండి."

నేను తలెత్తి చూశా. అమ్మ నాలిక్కరుచుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. దున్నుకున్నవాడికి కూడా గారు. పైగా తాళంలో పట్టలేదు, 'గారూ' పోయి తర్వాతి దెబ్బ మీద పడింది.

"తీసెయ్ గారు," అంది అమ్మ. మళ్ళీ చెప్పింది. "డొంక దున్నావు బాపయ్యా, దారియ్యి."

ఆ కొత్త మాటని ఫిబ్రవరి మాట పక్కన పెట్టి విన్నా. పాతది చెవి పక్కన నిలబడి చెప్పినట్టుంది. కొత్తది నూతిలోంచి అరిచినట్టుంది. అదే మైకు. అదే మనిషి. ఏది మారింది? తల తిప్పి గోడలు చూశా. బోసి గోడలు. సిమెంటు. మాట పోయి గోడకి కొట్టుకుని వెనక్కొస్తోంది. కిక్ అంతే. బేస్ అంతే. నేను విన్న గుమ్ము పాటలో లేదు, గదిలో ఉంది. గది గుమ్మంటుంటే నేను పాట గొంతు పిసికాను.

పత్తి ఉన్నప్పుడు ఆ గదికి గోడల్లేవు, మోతంతా పత్తే తాగేసేది. వీధికి పైకప్పు లేదు. పత్తి గదిలో సరిపోయింది వీధిలో సరిపోయింది, అంతే సంగతి. నా చెవి గొప్పదనుకున్నా నాలుగు నెలలు. గొప్ప పత్తిది.

నాన్నకి చెప్పా. నాన్న బీడీ ఆర్పేశాడు. "మిల్లుకి పోయి తిరిగి అడగమంటావా? అమ్మాయికి పాట కుదర్లేదండీ, మా పత్తి మాకు పడెయ్యండీ అని?"

"అక్కర్లేదు. పైకప్పు లేని చోటు కావాలి."

"కళ్ళం ఉందిగా."

మా ఎకరం మిరపకాయలు రైతు యలమంద గారి బీడులో ఎండుతున్నాయి. ఎర్రగా పరుచుకుని, చుట్టూ ఎక్కడా గోడ లేదు, చెట్టు లేదు. పొద్దున్నే టార్పాలిన్ కింద బల్ల వేశా. వాసిం లారీ బ్యాటరీ, ఇన్వర్టరు, ఒక బాక్సు తెచ్చి ట్రాక్టరు ట్రక్కు మీద పెట్టాడు. ముందు అమ్మ చేత ఆ మాట మళ్ళీ చెప్పించుకుని రికార్డు చేశా. నూతిలోంచి పైకొచ్చింది మాట.

రోడ్డుకి అవతల బాపయ్య కళ్ళం. మాకంటే ఎనిమిదింతలు. అక్కడ పాతికమంది ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు, ఎర్రకాయ ఒక పక్క, తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్క. వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. బాపయ్య దగ్గర కూలికి పోతావా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ కూలికి పోనివాళ్ళే. పనున్న చోటికి పోతాం.

బాపయ్యని సాధించాలని అక్కడ పెట్టలేదు. నాకు గోడల్లేని చోటు కావాలి, అది అక్కడుంది. కాని మిక్సింగ్ అనేదానికి ఒక పద్ధతి ఉంది. పాట మొత్తం వింటా కూర్చుంటే పని జరగదు. కుదరని ముక్క ఒక్కటే పట్టుకుని, అది కుదిరేదాకా తిప్పుతూనే ఉండాలి. నాకు కుదరని ముక్క నాలుగు మాటలు.

డొంక దున్నావు బాపయ్యా, దారియ్యి.

కీబోర్డు తగ్గించి మళ్ళీ. డొంక దున్నావు బాపయ్యా, దారియ్యి. చప్పట్లు తీసేసి మళ్ళీ. కిక్ పడినప్పుడల్లా బేస్ ఒక్క క్షణం తల వంచుకునేట్టు పెట్టి మళ్ళీ.

అమ్మకి ముందే చెప్పా. "మాట మొత్తం తేటగా వినపడితే నీ తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకో." మిరపకాయల ఘాటుకి అక్కడ అందరూ తలకీ మూతికీ గుడ్డలు కట్టుకుని ఉంటారు. దూరం నూట యాభై అడుగులు. సెంటర్లో బండికీ ఆఖరి ఇంటికీ మధ్య ఉండేదీ దాదాపు అంతే.

మొదటిరోజు అమ్మ తలగుడ్డ ఒక్కసారి కూడా విప్పలేదు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. బాక్సు పలకలేని లోతు ఒకటి ఉంటుంది. వినపడదు గాని కరెంటు మొత్తం అదే తాగుతుంది. దాన్ని కోసి పారేశా. బాక్సుకి ఊపిరొచ్చింది. బేస్‌ని పెంచకుండా దానికి కాస్త గరుకు కలిపా. నున్నటి బేస్ పెద్ద బాక్సుల్లోనే వినపడుద్ది, గరుకు బేస్ చిన్నవాటిలో కూడా కరుస్తుంది. ఎడమవైపు ఒకటి కుడివైపు ఒకటి అని పంచి పెట్టిన సౌండ్లన్నీ మధ్యకి లాగా. ఊరేగింపులో రెండు బాక్సులు చెరో వైపు చూస్తాయి. పంచితే ఈ పక్క ఇళ్ళకి సగం పాట, ఆ పక్క ఇళ్ళకి సగం పాట. మాకు అన్నిట్లోనూ సగమే వస్తుంది, పాటలో కూడానా?

అన్నిటికంటే కష్టమైంది, తీసెయ్యడం. కీబోర్డు నేను వాయించిందే, నాకిష్టం. అది సరిగ్గా అమ్మ గొంతు ఉన్న ఎత్తులోనే మోగుతోంది. అమ్మ నోరు తెరిచిన చోటల్లా దాన్ని కోశా. నా వేళ్ళు నేను కోసుకున్నట్టే ఉంది.

రెండోరోజు పదకొండింటికి అమ్మ తలగుడ్డ విప్పింది. పక్కనున్న ఆమె ఎందుకో అడిగింది. అమ్మ చెప్పినట్టుంది. కాసేపటికి ఇంకో ముగ్గురు విప్పారు. మధ్యాహ్నానికి మాట తిరిగినప్పుడల్లా పాతికమందీ తలగుడ్డలు విప్పి, కట్టి, విప్పి, కట్టి. కాయలు ఏరే చేతులు కూడా కిక్ మీదే పడుతున్నాయి. ఎర్రకాయ, తాలుకాయ. ఎర్రకాయ, తాలుకాయ.

మూడోరోజు బాపయ్య రోడ్డు దాటి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో సెల్లు.

"ఏమ్మాయ్, నువ్వు మార్కు కూతురివేగా?"

"అవునండీ."

"మూడ్రోజుల్నుంచి నా పేరు ఎన్నిసార్లన్నావో తెలుసా?"

"లెక్కపెట్టలేదండీ. ఇది మిక్సింగండీ, కుదిరేదాకా తిప్పాలి."

"పాట మొత్తం పెట్టుకోరాదూ? అదే ముక్క ఏంది ఎప్పుడూ?"

"మిగతాదంతా కుదిరిందండీ. ఆ ముక్క దగ్గరే తంటా."

వాసిం ట్రక్కు కిందికి వంగి లేని కేబులు ఏదో వెతుక్కుంటున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"గారు ఏది?" అన్నాడు బాపయ్య. "నా కళ్ళంలో కూలి చేస్తా మీ అమ్మ నన్ను బాపయ్యా అంటదా? మీ నాన్న అన్నాడా ఎప్పుడన్నా? కనీసం గారు పెట్టు."

"పెట్టి చూశామండీ. తాళంలో పట్టట్లేదు."

"పట్టట్లేదా?"

"లేదండీ. కావాలంటే వినిపిస్తా." గారు ఉన్న ఆ రికార్డింగు తీసేయలేదు. వినిపించా. గారూ పోయి దెబ్బ మీద పడింది. బాపయ్య తెల్లబోయి బాక్సు వంక చూశాడు. తాళం తప్పిందని ఆయనకీ తెలిసింది.

కొంచెం గొంతు తగ్గించాడు. "పద్నాలుగున సెంటర్లో ఇదే వేస్తారా?"

"ఇదేనండీ."

"పేరు తీసెయ్."

"పేరు వేరే వరసలో ఉందండీ. ఒక్క బటన్ నొక్కితే పోద్ది. మీరు దారివ్వండి, నేను నొక్కుతా."

అవతల కళ్ళంలో పాతికమంది ఏరడం ఆపి ఇటే చూస్తున్నారు. వాళ్ళ వైపు తిరిగి, "ఏం చూస్తున్నారు, కాయలు ఎవరేరతారు?" అని అరుచుకుంటా పోయాడు.

పన్నెండో తారీకున కంచె పీకారని కబురొచ్చింది. పల్లె మొత్తం సంబరం. వాసిం ఫోన్ చేసి "అక్కా, బటన్ నొక్కు" అన్నాడు. పదమూడు పొద్దున్నే అమ్మా నేనూ వెళ్ళాం. నిజమే, కంచె జరిగింది. డొంక ఉన్నచోట రెండు వరసల మిరపచెట్లు పీకేసి, మళ్ళీ కంచె పాతాడు. మధ్యలో సన్నటి బాట.

అమ్మ బాటలో నిలబడి రెండు చేతులూ పక్కలకి చాపబోయింది. రెండు మోచేతులూ ముళ్ళకి తగిలాయి.

"పెట్టె పట్టుద్ది," అంది. "మోసేవాళ్ళు పట్టరు."

"అమ్మా, ఆ మాట మళ్ళీ చెప్పు."

"ఏ మాట?"

సెల్లు తీసి రికార్డు పెట్టా. చెప్పింది. ఎవరినీ తిట్టకుండా, బియ్యం కొలిచి చెప్పినట్టు చెప్పింది. కళ్ళానికి పోయి కూర్చున్నా. బటన్ నొక్కలేదు. పేరు అట్లాగే ఉంచా. పాట చివర అన్నీ కలిసి ఒక్కసారి పేలే చోటు ఉంటుంది, కుర్రాళ్ళు దానికోసమే కాచుకుని ఉంటారు. దానికి ముందు నాలుగు దెబ్బల పాటు మొత్తం తీసేశా. కిక్ లేదు, బేస్ లేదు, ఏమీ లేదు. ఆ ఖాళీలో అమ్మ మాట ఒక్కటే. దాని తర్వాత పేలుడు. వింటే నాకే భయమేసింది. నేను పెంచింది ఏదీ లేదు. ముందు నిశ్శబ్దం ఉంది గనక దెబ్బ పెద్దదైంది.

పద్నాలుగు సాయంత్రం నాలుగున్నరకి బండి సెంటర్‌కి చేరింది. ఎండ ఇంకా మాడుతోంది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఎస్సై బాక్సులు లెక్కపెట్టాడు. రెండు. గడియారం చూసుకున్నాడు. వాసిం పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

మొదటి కిక్‌కి హోటలు ముందున్న గ్లాసులు కదిలాయి. కుర్రాళ్ళు లేచారు. దోమ అన్నవాడు అందరికంటే ఎత్తున ఎగిరాడు. ఎస్సై బండి వెనక్కి వెళ్ళి టార్పాలిన్ ఎత్తి చూశాడు. జనరేటరు. ఇంకో పక్క ఎత్తాడు. మంచినీళ్ళ క్యాను.

"మిగతావి ఎక్కడ పెట్టార్రా?"

"రెండేనండీ, మీరే లెక్కపెట్టారుగా," అన్నాడు వాసిం.

"రెండింటికి ఇంతొస్తదా? తగ్గించు."

"ఇంకా సగమే పెట్టానండీ." అది నిజం. నాబ్ చూపించాడు. ఎస్సై టార్పాలిన్ వదిలేశాడు. కాగితం మీద బాక్సులు రాశాడు, దెబ్బ రాయలేదు.

డొంక దున్నావు బాపయ్యా, దారియ్యి. మొదటిసారి వినపడగానే అరుగుల మీదున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మూడోసారికి గుమ్మాల్లోకి వచ్చారు. మేడ మీద బట్టలు తీస్తున్నామె తీయడం ఆపింది. బాపయ్య ఇల్లు సెంటర్‌కి నాలుగో ఇల్లు. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని సెల్లు చూసుకుంటున్నాడు, లేదా చూసుకుంటున్నట్టున్నాడు. ఆయన భార్య వెంకటరావమ్మ గారు చేతిలో చాటతో బయటికొచ్చి మెట్టు మీద నిలబడింది.

ఇంతలో అన్నీ ఆగాయి. కుర్రాళ్ళు గాల్లో చేతులెత్తి ఉన్నారు. సెంటర్లో గాలి కూడా వినపడేంత ఖాళీ.

పెట్టె పట్టుద్ది. మోసేవాళ్ళు పట్టరు.

తర్వాత పేలింది. ఆ పేలుడు నేను వినలేదు. మెట్టు మీద ఆమెనే చూస్తున్నా. పాట అయిపోయింది, పది నిమిషాలకి ఇంకా రెండు ఉంది. వాసిం తర్వాతి పాట వెతుక్కుంటున్నాడు. ఆ సందులో వెంకటరావమ్మ గారి గొంతు వచ్చింది. మైకు లేదు, బాక్సు లేదు. సెంటర్ మొత్తానికీ వినపడింది.

"పెట్టె పట్టి మనుషులు పట్టని దారేందయ్యా? ఎన్నడుగులు వదిలావేంది?"

బాపయ్య సెల్లులోంచి తల ఎత్తలేదు.

"నిన్నే. మీ అమ్మని ఎంతమంది మోసుకుపోయారో మర్చిపోయావా? పక్కకి ఒకళ్ళు కాకుండా నువ్వొక్కడివే మోశావా?"

మా అమ్మ బండి పక్కన నిలబడి ఉంది. తలగుడ్డ లేదు ఆ రోజు, పండగ చీర. అయినా చెయ్యి తల దగ్గరికి పోయింది, విప్పడానికి.

పదిహేడో తారీకున కంచె మళ్ళీ జరిగింది. ఈసారి బాపయ్య రాలేదు, పాలేరు చేత పీకించాడు. అమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని పోయింది. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, మధ్యలో మా ఇంటి నులక మంచం ఎత్తుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. ఎవరి మోచెయ్యీ ముల్లుకి తగల్లేదు. సువార్తమ్మ సమాధి దగ్గర మంచం దించి కాసేపు దాని మీదే కూర్చుని వచ్చారు.

మనుషులు పట్టే దారే అది. ట్రాక్టరు పట్టదు. గవర్నమెంటు డొంకలో ఇంకా సగం ఆయన మిరపతోటలోనే ఉంది.

లాప్‌టాప్‌లో పాట ఫైలు తీసెయ్యలేదు, అందులో పేరు కూడా.